పొలమారని నూనె



భోజనాల దగ్గర మాటల్లో పడి ఒక్క మెతుకు దారి తప్పిందంటే చాలు, ఉక్కిరిబిక్కిరై దగ్గుతాం. పక్కనున్న పెద్దవాళ్ళు చప్పున నడినెత్తిన తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారే నిన్ను" అంటారు. పుట్టింటివాళ్ళా, హాస్టల్లో ఉన్న పిల్లాడా అని ఒక్కొక్క పేరే అనుకుంటూ మంచినీళ్ళు తాగుతాం. పొలమారటమంటే మన ఇళ్ళలో అంతే కదూ? అందులో భయం లేదు, పైగా కొంచెం సంతోషం కూడా ఉంది.

నిజానికి ఈ పొలమారటమే లేకపోతే మనకు పూట గడవదు. గొంతులో అన్నం వెళ్ళే దారీ, గాలి వెళ్ళే దారీ పక్కపక్కనే ఉన్నాయి. మింగినప్పుడల్లా గాలిగొట్టం మీద ఒక చిన్న మూత పడుతుంది. ఆ మూత పడటం క్షణం ఆలస్యమై ఒక్క నీటిచుక్క అటు జారినా సరే, దగ్గు వచ్చి బయటికి నెట్టేస్తుంది. వాకిట్లో కట్టేసిన కుక్క లాంటిదనుకోండి ఆ దగ్గు. కొత్తవాళ్ళు గుమ్మం ఎక్కారంటే మొరిగి తీరుతుంది. అయితే ఆ కుక్క కూడా మొరగని చుట్టం ఒకటుంది. అదే నూనె. మెత్తగా, ఎక్కడా గీరుకోకుండా జారిపోతుంది కనుక గొంతు దాన్ని పోల్చుకోలేదు. చాలాసార్లు దగ్గు రాదు, పొలమారదు. నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగి కూర్చుంటుంది. అలా దిగిన నూనెవల్ల వచ్చే జబ్బును వైద్యులు లైపాయిడ్ న్యుమోనియా అంటారు. మన మాటల్లో నూనె నెమ్ము అనుకోవచ్చు.

అరుదైన జబ్బే. మరి అరుదైన జబ్బు గురించి ఇంతమంది ఇల్లాళ్ళకు పనిగట్టుకుని చెప్పటం ఎందుకంటారేమో! దీని చరిత్ర ఆస్పత్రుల్లో కంటే ఎక్కువగా ఇళ్ళల్లోనే నడిచింది. తల్లుల చేతుల్లో, అమ్మమ్మల కాళ్ళమీద, పెద్దవాళ్ళ మంచాల పక్కన. అందుకని చెబుతున్నాను.

ఈ జబ్బును మొదట పోల్చుకున్నది కెనడా దేశంలోని టొరంటోలో, 1925వ సంవత్సరంలో. లాఫ్లెన్ అనే వైద్యులు నెమ్ము చేసి చనిపోయిన నలుగురి ఊపిరితిత్తులను పరీక్షించి చూశారు. వాటిలో చీము, నెమ్ము ఉండటం వింత కాదు. ఆ రోజుల్లో పెన్సిలిన్ ఇంకా పుట్టలేదు, నెమ్ము వచ్చిన పిల్లలు చాలామంది పోయేవారు. వింత ఏమిటంటే, వాళ్ళ ఊపిరితిత్తుల్లో నూనె బొట్లు కనిపించాయి. వెనక్కి వెళ్ళి ఆరా తీస్తే, వాళ్ళకు ముక్కులో నూనెమందు చుక్కలు వేయటమో, విరేచనం కోసం నూనె పట్టటమో జరిగినట్టు తేలింది. జబ్బు తగ్గాలని వేసిన మందే జబ్బయి కూర్చుందన్నమాట.

ఇది అంతకుముందు ఎవరి కంటా పడకపోవటానికి ఒక చిన్న కారణం కూడా ఉంది, చెబుతాను. ఆడవాళ్ళకు బాగా అర్థమయ్యే సంగతి. శరీరంలోని ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడాలంటే ముందు దాన్ని ఆల్కహాలులోనూ, ఇంకా ఇతర ద్రావకాల్లోనూ నానబెట్టి, పలచటి పొరలుగా కోస్తారు. మనం చీరమీద నూనె మరక పోవటానికి పెట్రోలుతో తుడుస్తాం చూశారా, అచ్చు అలాగే ఆ ద్రావకాల్లో నూనె కాస్తా కరిగిపోతుంది. మిగిలేవి ఖాళీ గుండ్రటి కన్నాలు, దోసెమీద పడ్డ కన్నాల్లాగా. నూనె ఉన్నట్టు తెలియాలంటే ముక్కను ద్రావకాల్లో వేయకుండా గడ్డకట్టించి కోసి, కొవ్వుకు మాత్రమే పట్టే సూడాన్ అనే రంగు వేయాలి. అప్పుడు నూనె బొట్లు ఎర్రెర్రగా తేలి కనిపిస్తాయి. అంటే నూనె ఉందేమోనన్న అనుమానం ముందే ఉంటేగాని నూనె కనిపించదు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

అసలు ఆ కాలంలో అంతమంది ముక్కుల్లోకీ గొంతుల్లోకీ నూనె ఎలా చేరింది? దానికి ఇంకో అరవై డెబ్బై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో టైటస్‌విల్ అనే ఊళ్ళో నేలలోకి గొట్టం దించి రాతిచమురు తోడటం మొదలుపెట్టారు. దీపాలకు కిరసనాయిలు అమ్ముకునే రాబర్ట్ చెసెబ్రో అనే కుర్రాడు సంగతేమిటో చూద్దామని అక్కడికి వెళ్ళాడు. చమురు తోడే కడ్డీలకు నల్లటి మైనంలాంటి పదార్థం ఒకటి అంటుకుని, యంత్రాలకు అడ్డం పడుతూ ఉండేది. పనివాళ్ళు దాన్ని తిట్టుకుంటూనే, చెయ్యి తెగినా కాలినా అదే రాసుకునేవారట. చెసెబ్రో దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి, శుభ్రపరిచి, తెల్లటి లేపనంగా చేసి, 1872లో పేటెంటు తీసుకున్నాడు. అదే వాజలైను. మన ఇళ్ళల్లో చలికాలం పెదవులకు రాసుకునేదే. ఆయనకు దానిమీద ఎంత నమ్మకమంటే, రోజూ ఒక చెంచాడు తినేవాణ్ణని చెప్పుకునేవాడట! తొంభై ఆరేళ్ళు బతికి 1933లో పోయాడు లెండి. అందుకని మీరెవరూ తినకండి.

ఆ రాతిచమురు నుంచే రంగూ, రుచీ, వాసనా లేని మరో నూనె తీశారు. దానిపేరు లిక్విడ్ పారఫిన్. వంటనూనె అయితే నిలవుంటే కమురు వాసన వేస్తుంది, దీనికా బెడద లేదు. కడుపులో అరగదు, ఒంటికి పట్టదు, ఎలా వెళ్ళింది అలాగే బయటికి వచ్చేస్తుంది. ఇంకేం కావాలి? ఇరవయ్యో శతాబ్దం మొదటి రోజుల్లో లండన్‌లో సర్ విలియం ఆర్బత్‌నాట్ లేన్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడుండేవాడు. మలబద్ధకమే మనిషి జబ్బులన్నిటికీ మూలమని ఆయన సిద్ధాంతం. ఆ ధోరణిలో కొందరికి పెద్దపేగులే కోసి తీసేశాడు మహానుభావుడు! ఆ తర్వాత కత్తి బదులు లిక్విడ్ పారఫిన్‌ను గట్టిగా ప్రచారం చేశాడు. దాంతో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఇంటింటా ఆ సీసా వెలిసింది. రాత్రి పడుకోబోయే ముందు ఒక చెంచా. అక్కడే ఉంది చిక్కు. తాగి వెంటనే పడుకుంటే, నిద్రలో ఆ నూనె గొంతులోకి పైకి వచ్చి, అక్కణ్ణించి గాలిగొట్టంలోకి జారుతుంది. ముసలివాళ్ళకు, పక్షవాతం వచ్చినవాళ్ళకు మింగే పట్టు తక్కువ కనుక మరీ జారుతుంది. నిద్ర చెడదు, దగ్గు రాదు. సంవత్సరాల తరబడి ఇలా జరుగుతున్నా మనిషికి తెలియదు.

జలుబు చేస్తే అదే పారఫిన్‌లో మెంతాలూ కర్పూరమూ కలిపి ముక్కులో చుక్కలుగా వేసేవారు. తుషారంలా చిమ్మే చిన్న పరికరాలు కూడా వచ్చాయి. రోజూ పాడి గొంతు అరిగిపోయే గాయకులూ ఉపన్యాసకులూ వాటిని జేబులో పెట్టుకు తిరిగేవారు.

ఇక పిల్లల సంగతి. లండన్‌లాంటి పొగ పట్టిన నగరాల్లో పిల్లలకు ఎండ తగలక, ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోయేవి. రికెట్స్ అంటారే, అది. కాడ్ అనే చేప కాలేయం నుంచి తీసిన నూనె దానికి మందని సముద్రతీరాల జనానికి ఏనాటినుంచో తెలుసు. 1919 ప్రాంతంలో ఎడ్వర్డ్ మెలన్‌బీ అనే శాస్త్రజ్ఞుడు కుక్కపిల్లలమీద ప్రయోగాలు చేసి అది నిజమేనని చూపించాడు. 1922లో అమెరికాలో మెకాలమ్ గారు ఆ నూనెలో ఉన్నది ఒక కొత్త విటమిన్ అని తేల్చి, దానికి 'డి' అని పేరు పెట్టారు. అందుచేత ఆ నూనె మంచిదే, అందులో సందేహం లేదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వమే చిన్నపిల్లలకు దాన్ని పంచిపెట్టింది. నార్వే నుంచి రావటం ఆగిపోతే మనవైపు కోజికోడ్‌లో షార్కు చేప కాలేయం నుంచి నూనె తీయటం మొదలుపెట్టారు. చిక్కల్లా ఆ వాసనతో వచ్చింది. ఏ పిల్లాడు నోరు తెరుస్తాడు చెప్పండి? తల్లి ఒక చేత్తో ముక్కు మూసి, నోరు తెరుచుకోగానే రెండో చేత్తో చెంచా ఒంపేస్తుంది. ఏడుస్తున్న పిల్లాడు, ముక్కు మూసేశారు కనుక గాలికోసం నోటితో బలంగా లోపలికి పీలుస్తాడు. నూనె కడుపులోకి వెళ్ళాలా, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాలా?

ఉగ్గుగిన్నెతో ఆముదం పట్టటం గుర్తొస్తోందా మీకు? నాకైతే గుర్తొచ్చింది.

1927, 28 సంవత్సరాల్లో హెన్రీ పింకర్టన్ అనే అమెరికన్ వైద్యుడు ఈ నూనెలన్నిటినీ విడివిడిగా జంతువుల ఊపిరితిత్తుల్లోకి పంపి చూశాడు. ఏ నూనె ఏం చేస్తుందో ఆయన చెప్పింది ఇవాళ్టికీ వైద్యులు చెప్పుకుంటారు. ఆలివ్ నూనెలాంటి గింజల నూనెలు, పండ్ల నూనెలు కాస్త మెతక. వాటిలో ఎక్కువభాగం మెల్లగా బయటికి వచ్చేస్తుంది, పుండు పడటం తక్కువ. చేపనూనె, పాలలోని వెన్న, నెయ్యి, ఇలా జంతువులనుంచి వచ్చే కొవ్వులు మహా కోపిష్ఠివి. ఊపిరితిత్తుల్లోని రసాలు వాటిని విడగొడితే ఆమ్లాలు పుడతాయి, అవి లోపలి పొరను కాల్చి వాచేలా చేస్తాయి. రాతిచమురు జాతిది మూడోరకం. పైకి సాధువు, ఏ గొడవా చేయదు. మన ఊపిరితిత్తుల్లో దుమ్మూ ధూళీ మింగి శుభ్రం చేసే భక్షక కణాలున్నాయి. అవి ఈ నూనెను కూడా మింగుతాయి, కాని అరిగించుకోలేవు. పొట్టనిండా నూనెతో ఉబ్బి, నురగలా తయారై, చివరికి పగిలి చస్తాయి. ఆ నూనెను ఇంకో కణం మింగుతుంది. అదీ చస్తుంది. ఇలా ఏళ్ళ తరబడి జరిగి జరిగి, స్పాంజిలా మెత్తగా ఉండాల్సిన చోటు కాయ కాసినట్టు గట్టిపడిపోతుంది.

ఆ గట్టిపడ్డ చోటు ఎక్స్‌రేలో ఎలా కనిపిస్తుందో తెలుసాండీ? అచ్చం కేన్సర్ గడ్డలాగే. దాన్ని చూసి కేన్సరేనని రొమ్ము కోసి, ఊపిరితిత్తి ముక్క తీసేసి, తీరా పరీక్షకు పంపితే అది నూనెగడ్డ అని తేలిన కేసులు వైద్య గ్రంథాల్లో బోలెడు. పారఫినోమా అని దానికో పేరే పెట్టారు. రోగి బతికిపోయినందుకు సంతోషించాలో, అనవసరంగా కోసినందుకు ఏడవాలో తెలియని స్థితి. ఆపరేషనుకు ముందు "మీరు రాత్రిళ్ళు ఏమైనా నూనెమందు తాగుతారా, ముక్కులో ఏమైనా రాసుకుంటారా" అని ఒక్క మాట అడిగి ఉంటే కొందరికైనా ఆ కోత తప్పేది. కాని ఎవరడుగుతారు? అడిగినా రోగికి మాత్రం అది మందనీ, చెప్పవలసిన విషయమనీ ఎందుకు తోస్తుంది?

ఇక మన ఇంటికి వద్దాం. 1973లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బాలకృష్ణన్ గారనే వైద్యుల వ్యాసం ఒకటి వచ్చింది. దాని విషయం దక్షిణ భారతదేశంలో పసిపిల్లలకు వచ్చే లైపాయిడ్ న్యుమోనియా. టొరంటోలో జరిగిన ఏభై ఏళ్ళ నాటి సంగతి మన గడపలోకి అలా వచ్చింది. మనవైపు నీళ్ళు పోసే పద్ధతి మీకు నేను చెప్పాలా? పీటమీద కూర్చుని, కాళ్ళు చాపి, కాళ్ళమీద బిడ్డను పడుకోబెట్టుకుని, ఒళ్ళంతా నూనె మర్దనా చేసి, మాడుకు వంటాముదం అద్ది, నలుగు పెట్టి, వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేస్తే బిడ్డ హాయిగా మూడు గంటలు నిద్రపోతుంది. ఒంటికి నూనె రాయటాన్ని తప్పు పట్టక్కర్లేదు. కాని చాలా ఇళ్ళల్లో దీనికి ఇంకో రెండు పనులు చేరుస్తారు. ముక్కురంధ్రాల్లో రెండేసి చుక్కల నూనె వేసి నోటితో ఊదటం ఒకటి, కడుపు శుభ్రపడాలని గొంతులో ఆముదమో నువ్వులనూనో పోయటం రెండోది. ఈ రెండూ తొలగాలి.

మా ఇంట్లోనే జరిగింది చెబుతాను. 1979లో, మా పెద్దమ్మ మనవడికి అయిదో నెల. తణుకు దగ్గర పల్లెటూరు వాళ్ళది. పిల్లాడికి ఎప్పుడూ గురక, పాలు తాగుతూ తాగుతూ ఆగిపోయి రొప్పటం, డొక్కలెగరెయ్యటం. నెమ్మన్నారు, సూదిమందులు వేయించారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. మళ్ళీ సూదిమందులు. పాలుగారే బిడ్డ ఎముకల పోగయ్యాడు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. చివరికి మా చెల్లెలు, అంటే ఆ పిల్లాడి తల్లి, ఏడ్చి మొత్తుకుంటే పట్నం తీసుకొచ్చారు. నేనూ వెంట వెళ్ళాను. ఆ డాక్టరుగారు ఎక్స్‌రే చూశారు. కుడివైపు పైభాగమంతా మసక. చాలాసేపు ఏమీ మాట్లాడలేదాయన. తర్వాత మా పెద్దమ్మ వైపు తిరిగి, "మామ్మగారూ, పిల్లాడికి నీళ్ళెవరు పోస్తారండీ?" అన్నారు.

"నేనేనండి బాబూ, ఇంకెవరి చేతా ముట్టనివ్వను" అంది మా పెద్దమ్మ.

"ముక్కులో నూనె వేస్తారా?"

"వెయ్యకపోతే ఎలాగండీ? రెండు చుక్కలు వేసి ఊదితే లోపలున్న కఫమంతా వచ్చేస్తుంది. ఈ మధ్య గురక ఎక్కువైందని పూటపూటా వేస్తున్నాను. నా ఏడుగురికీ అలాగే వేశానండి."

గురక ఎక్కువైందని నూనె ఎక్కువ వేసిందట! నూనెవల్ల గురక, గురకవల్ల నూనె. ఎవర్ని ఏమనగలం? డాక్టరుగారు కసరలేదు, ఆ పుణ్యాత్ముడికి నేనిప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. "ఒంటికి ఎంతైనా రాయండి మామ్మగారూ, ముక్కులోనూ నోట్లోనూ మాత్రం నాకోసం మానెయ్యండి" అన్నారు. లోపల చేరిన సూక్ష్మక్రిములకు కొన్నాళ్ళు మందిచ్చారు. నూనె దానంతటది మెల్లగా పోవాల్సిందే, ఓపిక పట్టమన్నారు. నెలలు పట్టింది. ఏడాది నిండే వేళకు పిల్లాడు తేరుకున్నాడు. ఇప్పుడు వాడికే పెళ్ళీడు పిల్లలున్నారు.

ఆ రోజు ఆస్పత్రి వరండాలో కూర్చుని మా పెద్దమ్మ నన్నొక మాట అడిగింది. ఆవిడకు పుట్టింది ఏడుగురు, మిగిలింది అయిదుగురు. ఇద్దరు ఏడాది తిరక్కుండానే నెమ్ము చేసి పోయారు. "వాళ్ళు కూడా దీనివల్లేనంటావా?" అని అడిగింది. ఆ రోజుల్లో మామూలు నెమ్ముకు పోయిన పిల్లలు లెక్కలేనంతమంది, కనుక నాకు తెలియదనే చెప్పాను. నిజం కూడా అదే. ఆవిడ మరి మాట్లాడలేదు. ఇంటికి వెళ్ళాక నూనెగిన్నె మాత్రం మా చెల్లెలి చేతికిచ్చేసింది.

ఇది మన ఒక్కళ్ళ ఆచారమే అనుకోకండి. సౌదీ అరేబియా నైరుతి ప్రాంతంలో పసిపిల్లలకు నెయ్యి పట్టే అలవాటుంది. పింకర్టన్ చెప్పిన కోపిష్ఠి కొవ్వు అదే కదా! అక్కడి వైద్యులు 1991లోనూ ఆ తర్వాతా దానివల్ల జబ్బుపడ్డ పిల్లల గురించి రాశారు. బ్రెజిల్‌లో ఏలికపాములు పేగుకు అడ్డంపడ్డ పిల్లలకూ, మలబద్ధకం ఉన్న పిల్లలకూ పారఫిన్ నూనె తాగించటంవల్ల ఇదే జబ్బు వచ్చింది. దక్షిణ అమెరికాలోని గయానా కథ ఇంకో తీరు. చెరకు తోటల్లో పనికని మన దేశంనుంచి కూలీలను ఓడల్లో తీసుకుపోయిన దేశమది. మద్రాసు రేవునుంచి వెళ్ళినవారిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ 'బ్లాక్‌ఫ్యాట్' అనే పొగాకు వాడేవారు. ఆకు మెత్తగా ఉండాలనీ, రుచిగా ఉండాలనీ దానికి వాజలైనులాంటి నూనెపదార్థాలు పట్టించేవారు. అది కాల్చినవాళ్ళ ఊపిరితిత్తుల్లో నూనె చేరినట్టు 1971లో వైద్యులు బయటపెట్టారు. అంటే నూనె చుక్కగానే రానక్కర్లేదు, పొగలో కలిసి కూడా వస్తుంది.

పొగ అనగానే ఇటీవలి సంగతి చెప్పాలి. 2019 వేసవిలో అమెరికాలో ఒక్కసారిగా పడుచు పిల్లలు ఆయాసంతో ఆస్పత్రుల్లో చేరటం మొదలుపెట్టారు. అంతా ఈ-సిగరెట్లు పీల్చేవాళ్ళు. వాళ్ళ ఊపిరితిత్తులు కడిగిన నీళ్ళలో నూనె మింగిన కణాలు కనిపించేసరికి, ఇది పాత లైపాయిడ్ న్యుమోనియాయే మళ్ళీ వచ్చిందని మొదట అనుకున్నారు. తర్వాత సూక్ష్మంగా పరిశీలిస్తే, ఘాటైన రసాయనం తగిలి లోపల కాలిన లక్షణాలే ఎక్కువగా ఉన్నాయని తేలింది. గంజాయి సత్తును చిక్కగా చూపటానికి దొంగ వ్యాపారులు కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ అనే జిడ్డుపదార్థం మీద ప్రధానంగా అనుమానం నిలిచింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆస్పత్రుల పాలైతే, 68 మంది చనిపోయారు. విటమిన్-ఇ చర్మానికి రాసుకుంటే మంచిదే, మింగినా ఫరవాలేదు. పీల్చితే అంత పని చేసింది. మన దేశంలో ఈ-సిగరెట్ల అమ్మకాన్ని 2019లోనే చట్టం చేసి నిషేధించారు. అయినా కాలేజీకి వెళ్ళే పిల్లలున్న తల్లులు ఓ కన్ను వేసి ఉంచటం మంచిది.

ఇంకొకటి. 1990లలో మన తెలుగు పత్రికల్లో ఆయిల్ పుల్లింగ్ గురించి ఊదరగొట్టారు, మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. పొద్దున్నే నోట్లో నువ్వులనూనె పోసుకుని పావుగంటా ఇరవై నిమిషాలూ పుక్కిలించటం. మా వీధిలో పలకరిస్తే బదులు చెప్పేవాళ్ళు లేకపోయేవారు, అందరి నోళ్ళల్లోనూ నూనే! దాని మంచిచెడ్డలు నేను తీర్పు చెప్పను. కాని అలా పుక్కిలించే అలవాటున్న మనిషికి పదేపదే నూనె నెమ్ము వచ్చినట్టు 2014లో కొరియా వైద్యులు రాశారు. కనుక మింగే పట్టు తప్పిన పెద్దవాళ్ళ చేత ఆ పని చేయించకండి. అలాగే ముక్కు ఎండిపోతోందని రోజూ రాత్రి ముక్కు లోపలికంటా వాజలైను పూసుకుని పడుకునేవాళ్ళుంటారు. పెదవులకు రాసుకోండి, మడమలకు రాసుకోండి, ముక్కుకు డాక్టరు నడిగి ఉప్పునీటి చుక్కలు వేసుకోండి.

కిరసనాయిలు సంగతి మర్చిపోయేదాన్ని. అది పలచన గనుక వేరేరకంగా పనిచేస్తుంది, నిమిషాల్లో ఊపిరితిత్తుల్లో పాకుతుంది. పిల్లలు మంచినీళ్ళనుకుని తాగేస్తే మనవాళ్ళు గాభరాపడి ఉప్పునీళ్ళు పట్టి కక్కిస్తారు. ఆ పని చేయకూడదు. కక్కేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేది. తిన్నగా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఈ నూనె నెమ్ముకు మందేమిటంటే, ముందు నూనె ఆపటం. తొందరగా ఆపితే చాలామందికి, అందులో పిల్లలకు, మెల్లగా తగ్గుతుంది. వాపు తగ్గటానికి కొందరికి స్టిరాయిడ్లు ఇస్తారు. అన్నిటికంటే చిత్రమైనది ఊపిరితిత్తులు కడగటం. సన్నని గొట్టం లోపలికి దించి, గోరువెచ్చని ఉప్పునీరు కొంచెం కొంచెం పోసి వెనక్కి లాగుతారు. రియో డి జనేరోలో పిల్లలకు ఇలా మళ్ళీ మళ్ళీ కడిగి నయం చేసినట్టు 2009లో అక్కడి వైద్యులు రాశారు. జిడ్డుగిన్నె ఒకసారి తోమితే వదలదు కదా, ఇదీ అంతేనన్నమాట. కడిగిన నీళ్ళు చాలాసార్లు పాలలా తెల్లగా వస్తాయి, కాసేపు నిలవుంచితే పైన నూనె తేలుతుంది. సూడాన్ రంగు ఇప్పుడు ఆ నీళ్ళకే వేసి చూస్తారు, రొమ్ము కోయక్కర్లేదు. సి.టి. స్కాన్‌లో కూడా ఆ మసక నీరా, కండా, కొవ్వా అన్నది అంకెల్లో తెలిసిపోతుంది.

ఇన్ని వచ్చినా, ఎవరో ఒకరు అనుమానపడితేగాని స్కాన్ దాకా పోరు. మీ ఇంట్లో పసిబిడ్డకో, పెద్దవారికో తగ్గి తగ్గి తిరగబెట్టే నెమ్ము ఉంటే, డాక్టరుగారు ఏ మందులు వాడారని అడిగినప్పుడు చీటీలో ఉన్న మందులతో పాటు ఉగ్గుగిన్నెలో పోసినవీ, ముక్కులో వేసినవీ, రాత్రి పడుకోబోయే ముందు తాగినవీ కూడా చెప్పండి. ఆయన అడక్కపోయినా చెప్పండి. నీళ్ళు పోసేది అత్తగారైతే ఆవిణ్ణి కూడా వెంట తీసుకెళ్ళండి, ఆవిడకే బాగా తెలుస్తుంది. ఆవిడ మీద నేరం మోపటానికి కాదు సుమండీ. మా పెద్దమ్మ ఆ రోజు రాకపోయి ఉంటే, ఎంత నూనె, ఎన్ని పూటలు అన్న మాట చెప్పటానికి మాలో ఎవరికీ తెలియదు.

సెలవు.